గుర్రపు డెక్కకు ఏటా ఒక పద్దు



ఎండలు ముదిరే వేళకు మన నగరాల్లో ఒక వార్త దాదాపు ఏటా వింటాం. ఫలానా చెరువును గుర్రపు డెక్క కమ్మేసిందని, సాయంత్రమైతే కిటికీ తెరవలేకపోతున్నామని, దోమలతో వేగలేకపోతున్నామని కాలనీవాసులు మొరపెట్టుకుంటారు. కొన్నాళ్ళకు రెండో వార్త వస్తుంది. నిధులు మంజూరయ్యాయి, యంత్రాలు దిగాయి, నాయకులు గట్టు మీద నిలబడి పనులు ప్రారంభించారు. చెరువులో మళ్ళీ నీళ్ళు కనబడతాయి. పొద్దున్నే నడకకు వచ్చినవాళ్ళు ఆగి చూస్తారు, ఫొటోలు తీసుకుంటారు. వానాకాలం వెళ్ళి దీపావళి వచ్చేసరికి ఆ నీళ్ళు మళ్ళీ ఆకుల కిందకు పోతాయి.

ఈరోజు నేను మాట్లాడబోయేది ఆ నిధుల గురించి. పార్కుల్లోని కుంటల్లో, చెరువుల్లో పెరిగే ఈ పరాయి మొక్కలను అదుపు చేయడానికి ప్రజల డబ్బు ఖర్చు కావాల్సిందే. అందులో నాకు ఏ సందేహమూ లేదు. అయితే ఆ డబ్బు ఇప్పుడు ఆలస్యంగా వస్తోంది, ఒక్కసారిగా పెద్ద మొత్తంలో వస్తోంది, వచ్చి ఆగిపోతోంది. చిన్న మొత్తమైనా సరే, ఏడాది పొడవునా ఆగకుండా రావాలి. నేను చెప్పదలచుకున్న మాట ఇదొక్కటే. ఎందుకు చెబుతున్నానో ఆ మొక్కను చూస్తే తెలుస్తుంది. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

గట్టు దగ్గర తేలుతున్న ఒక గుర్రపు డెక్క మొక్కను లాగి చేతిలోకి తీసుకోండి. ఆకు దళసరిగా, నున్నగా, మెరుస్తూ ఉంటుంది. ఆకు కాడ మధ్యలో ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బును గోటితో చీలిస్తే లోపలంతా గాలి నిండిన తెల్లటి అరలు. మొక్క మునగకుండా తేలేది వాటివల్లే. కింద వేళ్ళు నల్లగా, గుబురుగా వేలాడుతుంటాయి. వాటికి బురద, చిన్న చిన్న నత్తలు, పురుగుల గుడ్లు అంటుకుని ఉంటాయి. ఇక మొక్క మొదలు దగ్గర చూడండి. అక్కడి నుంచి పక్కకు ఒక చిన్న తీగ సాగుతుంది. దాని చివర బుల్లి ఆకులతో, బుల్లి వేళ్ళతో ఒక పిల్ల మొక్క ఉంటుంది. తీగ తెగినా ఆ పిల్లకు ఏమీ కాదు. విడిగా తేలుతూ వెళ్ళి తాను కూడా పిల్లలు పెడుతుంది. నీరు వెచ్చగా, మురుగు కలిసి ఉన్నచోట ఒకటి నుంచి రెండు వారాల్లో ఈ మొక్కలు రెట్టింపవుతాయి. పువ్వులు పూసి, గింజలు రాలి, అడుగు బురదలో చేరితే ఆ గింజలకు పదిహేను ఇరవై ఏళ్ళ దాకా మొలకెత్తే శక్తి ఉంటుంది.

ఇప్పుడొక చిన్న లెక్క చేద్దాం. కాగితం, కలం అక్కర్లేదు. ఒక ఎకరం విస్తీర్ణమున్న పార్కు కుంట అనుకోండి. ఎకరమంటే సుమారు 4,000 చదరపు మీటర్లు. దట్టంగా పెరిగిన గుర్రపు డెక్క చదరపు మీటరుకు 25 కిలోల పచ్చి బరువు తూగుతుందనుకుందాం. అంటే కుంట నిండితే 100 టన్నులు. అందులో నూటికి తొంభైకి పైగా నీరే. ఆ నీటి బరువునే మనం డీజిలు పోసి లారీల్లో మోయిస్తున్నాం.

సరే, కాంట్రాక్టరు బాగానే పనిచేశాడు, నూటికి 99 వంతులు తీసేశాడు అనుకుందాం. గట్టు రాళ్ళ సందుల్లో, తుంగ మొదళ్ళలో ఒక్క వంతు మిగిలింది. రెండు వారాలకొకసారి రెట్టింపు లెక్కన చూడండి. రెండు వారాలకు రెండు వంతులు. నెలకు నాలుగు. నెలన్నరకు ఎనిమిది. రెండు నెలలకు పదహారు. రెండున్నర నెలలకు ముప్ఫైరెండు. మూడు నెలలకు అరవైనాలుగు. ఇంకో రెండు వారాలు గడిచేసరికి కుంట నిండిపోతుంది. 99 వంతులు తీసినా మూడున్నర నెలలకు మళ్ళీ మొదటికే వచ్చాం.

ఇదే లెక్కను ఇంకోలా చేద్దాం. ఆ ఒక్క వంతు రెండు వంతులు కాగానే, పెరిగిన వంతు మేరకు తీసేస్తే ఎంత పని? నలభై చదరపు మీటర్లు. బరువు ఒక టన్ను. ఇద్దరు మనుషులు, ఒక చిన్న పడవ, ఒక వల, ఒక ట్రాలీ ఉంటే చాలు. ఏడాదికి ఇరవై ఆరుసార్లు తీసినా మొత్తం 26 టన్నులు. నిండేదాకా ఆగి, ఏడాదికి మూడుసార్లు యంత్రం దించితే తీయాల్సింది 300 టన్నులు. చలికాలంలో మొక్క నెమ్మదిస్తుంది, మురుగు ఎక్కువైతే ఇంకా వేగంగా పెరుగుతుంది, కాబట్టి ఈ అంకెలు అటూ ఇటూ కావచ్చు. అయినా ఎటు చూసినా తేలేది ఒకటే. ఆగి తీస్తే ఎక్కువ ఖర్చు, వెంటవెంటనే తీస్తే తక్కువ ఖర్చు. పైగా మొదటి పద్ధతిలో ఏడాదిలో సగం కాలం కుంట ఆకుల కిందే ఉంటుంది. రెండో పద్ధతిలో ఏడాదంతా నీళ్ళు కనబడతాయి.

ఈ పాఠం కొత్తదేమీ కాదు, శ్రోతలారా. ఈ మొక్క పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ నదీ పరీవాహక ప్రాంతం. లేత ఊదా రంగు పూలు, పై రేకు మీద పసుపు మచ్చ. ఆ అందం చూసి తోటల కోసం తెచ్చుకున్నారు. 19వ శతాబ్దం చివరికి బెంగాల్ చేరింది. ఇరవై ముప్ఫై ఏళ్ళలో అక్కడి మడుగులను, కాలువలను, వరిచేలను కమ్మేసింది. పడవలు కదల్లేదు, చేపలు దొరకలేదు. 1917లో బర్మాలో, 1926లో అస్సాంలో, 1936లో బెంగాల్‌లో ఈ ఒక్క మొక్క కోసమే చట్టాలు చేశారు. 1921లో బెంగాల్ ప్రభుత్వం జగదీశ్ చంద్ర బోస్ అధ్యక్షతన ఒక కమిటీని వేసింది. మందు చల్లి చంపేద్దామన్న ప్రతిపాదనలు అప్పుడే వచ్చాయి. బోస్ కమిటీ వాటిని ఒప్పుకోలేదు. 1937 ఎన్నికల్లో గుర్రపు డెక్క నిర్మూలన పార్టీల వాగ్దానాల్లోకి కూడా ఎక్కింది. ఆ ఎన్నికల తర్వాత వచ్చిన ఫజ్లుల్ హక్ ప్రభుత్వం జనాన్ని కదిలించి ఊరూరా తీయించింది కూడా. ఆ ఊపు ఉన్నంతకాలం నీళ్ళు తేటపడ్డాయి. ఊపు తగ్గింది, మొక్క తిరిగి వచ్చింది.

అమెరికాలోని ఫ్లోరిడా కూడా ఇదే దారిలో నడిచింది. అక్కడి నదుల్లో పడవలకు దారి లేకపోతే, 1899లోనే అమెరికా కాంగ్రెస్ ఈ మొక్కను తీయడానికి సైనిక ఇంజనీర్లకు అధికారమిచ్చింది. అయినా 1960ల నాటికి ఆ రాష్ట్రంలో లక్ష ఎకరాలకు పైగా నీటిని ఈ మొక్క కప్పేసింది. ఆ తర్వాత వాళ్ళు పద్ధతి మార్చారు. పెరిగాక తీయడం మానేసి, ఏడాది పొడవునా గస్తీ తిరుగుతూ, వీలైనంత తక్కువ స్థాయిలో మొక్కను ఆపి ఉంచడమే పని అని చట్టంలోనే రాసుకున్నారు. దానికి ఒక ప్రత్యేక నిధి పెట్టారు. మోటారు పడవలు వాడే పెట్రోలు మీద వచ్చే పన్నులో కొంత భాగం అందులోకి వెళ్ళేలా ఏర్పాటు చేశారు. అంటే ఆ నీటిని వాడుకునేవాళ్ళ నుంచే, ఏటా తప్పకుండా, డబ్బు వస్తుంది. లక్ష ఎకరాలు దాటినది కొన్ని వేల ఎకరాలకు దిగింది. వాళ్ళు ఎక్కువగా కలుపు మందులు వాడారు. మన చిన్న కుంటలకు అది పనికిరాదు. చచ్చిన మొక్కంతా నీటిలోనే కుళ్ళి, ఆ కుళ్ళు ప్రాణవాయువును పీల్చేస్తే చేపలు చనిపోతాయి. వాళ్ళ దగ్గర మనం తీసుకోవలసింది మందు కాదు, ఆగని నిధి.

నిజానికి అంత దూరం వెళ్ళక్కర్లేదు. మన కృష్ణా, గోదావరి డెల్టాల్లో చూడండి. వేసవిలో కాలువలు కట్టేశాక తూడు, గుర్రపు డెక్క తొలగింపు పనులు ఏటా జరగాల్సిందే. వాటికి నిర్వహణ పద్దు కింద అంచనాలు వేస్తారు, టెండర్లు పిలుస్తారు. ఒక్కోసారి ఆలస్యమవుతుంది, ఒక్కోచోట పని అరకొరగా సాగుతుంది, దాని మీద రైతులు గొడవ చేస్తారు. అయినా ఆ పని చేయక్కర్లేదని ఎవరూ అనరు. ఎందుకంటే కాలువలో డెక్క అడ్డుపడితే శివారు ఆయకట్టుకు నీళ్ళందవు. నారుమడి ఎండితే శివారు రైతు ఊరుకోడు. ఆఫీసు ముందు కూర్చుంటాడు.

హైదరాబాద్ చెరువులకు కూడా ఒకప్పుడు అలాంటివాళ్ళు ఉండేవాళ్ళు. 1562లో కట్టిన హుస్సేన్ సాగర్, 1626 నాటి సరూర్‌నగర్ చెరువు, వాటి చుట్టూ గొలుసుకట్టుగా ఉన్న వందల చెరువులూ కుంటలూ ఊరి తాగునీటికో సాగునీటికో తవ్వినవే. కింద పొలాలుండేవి. తూము తీసేందుకు, కట్ట చూసేందుకు ఊరూరా నీరటి ఉండేవాడు. చెరువు పాడైతే కంచంలో అన్నం తగ్గుతుందని అందరికీ తెలుసు. నగరం పెరిగింది. పొలాలు ప్లాట్లయ్యాయి. ఆయకట్టు పోయింది, ఆయకట్టుతో పాటు చెరువును అడిగేవాడూ పోయాడు. ఇప్పుడు ఆ నీళ్ళకు మిగిలిన ఆయకట్టు మనమే. ఆ గట్టు మీద నడిచేవాళ్ళం, ఆ పక్క అపార్టుమెంట్లలో ఉండేవాళ్ళం, ఆ నీటిలో చేపలు పట్టుకునే మత్స్యకార సంఘాలవాళ్ళు. అడగాల్సిన బాధ్యత కూడా మనదే.

ఎవరిని అడగాలి? ఇక్కడే చిక్కు మొదలవుతుంది. హైదరాబాద్ సంగతే తీసుకోండి. చెరువులో గుర్రపు డెక్క తీయించే పని కార్పొరేషన్‌లో ఎంటమాలజీ విభాగానిది, అంటే దోమల నివారణ చూసే విభాగానిది. కట్ట, అలుగు, చుట్టూ నడకదారి లేక్స్ విభాగం చూస్తుంది. పార్కులో మొక్కలు, పచ్చిక అర్బన్ బయోడైవర్సిటీ విభాగం కిందకు వస్తాయి. చెరువులో కలిసే మురుగు జలమండలి పని. చెరువు కిందకు వచ్చే శిఖం భూమి లెక్కలు రెవెన్యూ, ఇరిగేషన్ శాఖల దగ్గర ఉంటాయి. ఒక్కో విభాగానికి ఒక్కో పద్దు. ఒక్క కుంట విషయంలో ఇందరి సంతకాలు కలవాలి. మొక్క మాత్రం ఏ ఫైలు కోసమూ ఆగదు, రెండు వారాలకు రెట్టింపవుతూ పోతుంది.

దోమల విభాగానికి ఈ పని అప్పగించడంలో అర్థం ఉంది. ఆకుల పరుపు కింద నీరు కదలదు, గాలి తగలదు, దోమ లార్వాలను తినే చేపలకు అక్కడ చోటు ఉండదు. మాన్సోనియా అనే జాతి దోమ లార్వాలైతే ఇలాంటి నీటి మొక్కల వేళ్ళకే అంటుకుని, వేళ్ళలోని గాలిని పీల్చుకుని బతుకుతాయి. బోదకాలు వ్యాప్తిలో ఆ జాతికి పాత్ర ఉంది. కాబట్టి కుంట శుభ్రం మీద పెట్టే రూపాయిని సుందరీకరణ ఖర్చులో రాయకండి. అది ప్రజారోగ్యం ఖర్చు. పూలకుండీలు తర్వాత కొన్నా నష్టం లేదు, దీన్ని వాయిదా వేస్తే నష్టం ఉంది.

ఇప్పుడు డబ్బు లెక్క ఎలా చూసుకుంటున్నామో చెబుతాను. తీసిన మొక్కకు టన్నుల చొప్పునో, ట్రిప్పుల చొప్పునో బిల్లు చెల్లించే ఒప్పందాలుంటాయి. ఆ ఒప్పందంలో కాంట్రాక్టరుకు లాభం ఎక్కడుంది? మొక్క ఎక్కువ ఉన్నచోట ఉంది. కుంట శుభ్రంగా ఉంటే అతనికి బిల్లు రాదు. ఇది ఆ మనిషి తప్పు కాదు, మనం రాసుకున్న ఒప్పందం తప్పు. టన్నుకు కాకుండా, నీటి విస్తీర్ణానికి డబ్బివ్వాలి. ఈ కుంటలో ఏడాది పొడవునా నూటికి తొంభై అయిదు వంతుల నీరు తెరిచి ఉండాలి, నెలనెలా ఒకే చోటు నుంచి ఫొటో తీసి చూపాలి, మొక్క హద్దు దాటిన నెలలో బిల్లు తగ్గుతుంది అని రాయాలి. అప్పుడు కాంట్రాక్టరే మొలక కనబడగానే మనిషిని పంపిస్తాడు.

ఒప్పందంలో రాయాల్సిన రెండో మాట, తీసిన మొక్క ఎక్కడికి పోవాలన్నది. చాలాచోట్ల దాన్ని లాగి గట్టు మీదే గుట్టపోస్తారు. వారానికి అది కుళ్ళుతుంది. నల్లటి రసం కారి తిరిగి కుంటలోకే వెళ్తుంది, ఆ రసంలోని పోషకాలే మిగిలిన మొక్కలకు ఎరువవుతాయి. పెద్దవాన పడితే గుట్ట అంచు నుంచి బతికి ఉన్న మొక్కలు జారి నీటిలో పడతాయి. చేసిన ఖర్చు కళ్ళముందే వెనక్కి పోతుంది. నీటికి దూరంగా ఎండబెట్టే చోటు, ఆరాక తరలించే ఏర్పాటు, రెండూ అంచనాలోనే ఉండాలి. ఎండితే బరువు పదో వంతుకు దగ్గరవుతుంది, లారీల ఖర్చూ తగ్గుతుంది.

మూడో మాట, మనుషుల గురించి. నీటి మీద తేలుతూ, కన్వేయర్ బెల్టుతో మొక్కను లాగే పెద్ద యంత్రాలు పెద్ద చెరువులకు ఉపయోగపడతాయి. పార్కు కుంటలోకి అవి దిగవు. దిగడానికి ర్యాంపు ఉండదు, లోతు చాలదు. అక్కడ పని చేసేది మనుషులే. థర్మాకోల్ దిమ్మెలను తాళ్ళతో కట్టి తెప్పలా చేసుకుని, దాని మీద వంగి, రెండు చేతులతో డెక్కను లాగుతూ ఉండే కూలీలను మీరు చూసే ఉంటారు. నడుములోతు నీళ్ళలో నిలబడి లాగేవాళ్ళూ ఉంటారు. అది మురుగు కలిసిన నీరు. అడుగున గాజు పెంకులుంటాయి. చర్మరోగాలు, ఎలుక జ్వరం లాంటి జబ్బులు వచ్చే ప్రమాదం ఉంది. లైఫ్ జాకెట్, మోకాళ్ళు దాటే బూట్లు, గ్లౌజులు, సరైన పడవ, వైద్య పరీక్షలు, ఇవన్నీ అంచనా కాగితంలో ఒక్కో వరుసగా ఉండాలి. ఇవి లేకుండా వేసిన తక్కువ అంచనా, ఆ కూలీ ఒంటి మీద నుంచి మిగుల్చుకున్న డబ్బే.

నాలుగోది, ఏది తీయాలో ఏది ఉంచాలో తెలియడం. అంతా ఊడ్చిపారేస్తే కుంట బాగుపడదు. తామర, కలువ మన మొక్కలే. గట్టువార జమ్ము, తుంగ కొంతవరకు ఉండాలి. నీటికోళ్ళు గూళ్ళు కట్టేది అక్కడే. గుర్రపు డెక్క, అంతరతామర లాంటి తేలే మొక్కలను అదుపు చేయాలి. మన పొన్నగంటి కూరకు చుట్టమైన దక్షిణ అమెరికా ఎలిగేటర్ వీడ్ కూడా మన చెరువుల్లో పాకుతోంది. అది నీటి మీదా, గట్టు మీదా బతుకుతుంది, చిన్న ముక్క తెగిపడినా మళ్ళీ పుడుతుంది. వీటిని గుర్తుపట్టగలిగిన వృక్షశాస్త్రం చదివిన మనిషి ఒకరు పనిలో ఉండాలి. మన కాలేజీల్లో అలాంటి విద్యార్థులకు కొదవ లేదు.

ఇంతవరకు పైన తేలే మొక్క సంగతి చెప్పాను. దాన్ని పోషించేది మురుగు. ఇళ్ళ నుంచి వచ్చే మురుగులోని నత్రజని, భాస్వరం దానికి తిండి. హుస్సేన్ సాగర్‌లోకి కూకట్‌పల్లి నాలా మోసుకొచ్చింది అదే. ఆ చెరువు బాగు కోసం 2006లో జపాన్ బ్యాంకు రుణం తీసుకుని పెద్ద ప్రాజెక్టే చేపట్టారు. హైదరాబాద్‌లో 31 మురుగు శుద్ధి కేంద్రాల కోసం 2021లో 3,866 కోట్ల రూపాయలు మంజూరయ్యాయి. అది మంచి ఖర్చు. ఆ వేల కోట్ల ఫలితం మీ వీధి చివర కుంట దాకా చేరిందా లేదా అని చూసుకోవాలి. శుద్ధి కేంద్రం కట్టినా, కుంటలోకి దొంగచాటుగా కలిపిన నాలుగు పైపులు అలాగే ఉంటే, పై మొక్క తీస్తూనే ఉండాలి. అందుకే ప్రతి కుంటకూ రెండు పనులు జంటగా సాగాలి. లోపలికి వచ్చే మురుగును మళ్ళించడం, లోపల మిగిలిన మొక్కను వెంటవెంటనే తీయడం. మొదటిది పూర్తయ్యేదాకా రెండోది ఆగకూడదు. మొదటిది పూర్తయ్యాక రెండోదానికి అయ్యే ఖర్చు దానంతట అదే తగ్గుతుంది.

ప్రకృతి సాయం కూడా ఉంది. బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 1980ల మొదట్లో గుర్రపు డెక్కను మాత్రమే తినే ముక్కు పురుగులను విదేశాల నుంచి తెప్పించారు. పంటలను ముట్టవని పరీక్షించాకే 1984లో హెబ్బాళ్ చెరువులో వదిలారు. మూడేళ్ళ లోపే అక్కడి మొక్క చాలావరకు తగ్గిపోయింది. కేరళలో సాల్వీనియా అనే మరో తేలే మొక్కను ఇలాంటి పురుగుతోనే అదుపు చేశారు. ఇదంతా ప్రజాధనంతో నడిచిన పరిశోధనే, తిరిగి ప్రజలకే మేలు చేసింది. అయితే పురుగు నెమ్మదిగా పనిచేస్తుంది. మురుగు దట్టంగా కలిసే నీటిలో మొక్క పెరిగే వేగం ముందు వెనకబడుతుంది. యంత్రంతో మొత్తం ఊడ్చేస్తే మొక్కతో పాటు పురుగూ పోతుంది. కాబట్టి దాన్ని ఎక్కడ వదలాలో, ఎక్కడ చేత్తో తీయాలో ముందే అనుకుని చేయాలి.

కొందరు అంటారు, బుట్టలు, సంచులు అల్లి అమ్మితే డబ్బే వస్తుంది కదా, ప్రభుత్వం పెట్టడమెందుకని. అస్సాంలోని దీపోర్ బీల్ దగ్గర మత్స్యకార కుటుంబాల అమ్మాయిలు ఈ మొక్క నారతో యోగా చాపలు నేశారు. చక్కటి పని. మన దగ్గరా మహిళా సంఘాలకు నేర్పించవచ్చు. కానీ చాపకు పనికొచ్చేది పొడవుగా ఎదిగిన కాడలే. కుంట శుభ్రంగా ఉండాలంటే మొక్కను ఎదగనివ్వకూడదు. పైగా ఫ్యాక్టరీల నీరు కలిసిన చెరువులో ఈ మొక్క భార లోహాలను పీల్చుకుంటుంది. దాంతో చేసిన ఎరువును పరీక్షించకుండా కూరగాయల మడికి వేయకూడదు. ఉపాధి అదనపు లాభమే, నిర్వహణ డబ్బుకు బదులు కాదు.

ఇంకొందరు అంటారు, కంపెనీల సామాజిక బాధ్యత నిధులున్నాయి కదా అని. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు సగటు లాభాల్లో 2 శాతం ఇలాంటి పనులకు ఖర్చు పెట్టాలి. ఆ డబ్బుతో చెరువు పూడిక తీయించవచ్చు, కట్ట బలపరచవచ్చు, పడవ కొనవచ్చు. కానీ కంపెనీ ఈ ఏడాది చెరువును ఎంచుకుంటుంది, వచ్చే ఏడాది బడిని ఎంచుకుంటుంది. అది వాళ్ళ ఇష్టం. ప్రతి పదిహేను రోజులకు చేయాల్సిన పనిని ఇంకొకరి ఇష్టానికి వదలలేం. కేంద్రం 2021లో మొదలుపెట్టిన అమృత్ 2.0లో కూడా నీటి వనరుల పునరుద్ధరణకు చోటిచ్చారు. అవి ఒకసారి చేసి ముగించే పనులు. ప్రాజెక్టు ముగిసిన మర్నాటి నుంచి ఎవరు చూస్తారన్న ప్రశ్నకు జవాబు కార్పొరేషన్ సొంత బడ్జెట్‌లోనే ఉండాలి. పార్కులు, ఉద్యానాలు నగరపాలక సంస్థల పని అని రాజ్యాంగం పన్నెండో షెడ్యూలే చెబుతోంది.

బడులకు, ఆసుపత్రులకు డబ్బు చాలనప్పుడు కలుపు మొక్కకు ఖర్చేమిటని అడిగేవాళ్ళకూ గౌరవంగానే జవాబు చెబుతాను. మనం ఇప్పుడు కూడా ఖర్చు పెడుతూనే ఉన్నాం. యంత్రాలకు పెడుతున్నాం, దోమల మందుకు పెడుతున్నాం, జ్వరాలకు మన జేబులోంచి పెడుతున్నాం. నేను కొత్త డబ్బు అడగడం లేదు. మూడుసార్లు మునిగి తేలే ఖర్చును, ఏడాదంతా సాగే చిన్న ఖర్చుగా మార్చమంటున్నాను. పార్కు కుంట దగ్గర టికెట్ లేకుండా కూర్చునే హక్కు కూలీకి, పెద్దాఫీసరుకు ఒకటే. క్లబ్బులో ఈతకొలను లేనివాడికి ఆ కుంట గట్టే విహారం. దాన్ని బాగా ఉంచడం పేదవాడి సొమ్మును పేదవాడికే ఖర్చు పెట్టడం.

కాబట్టి శ్రోతలారా, మీ వార్డు కార్యాలయంలో, మీ కార్పొరేటరు దగ్గర, బడ్జెట్ తయారయ్యే నెలల్లోనే ఈ మాటలు అడగండి. మా కుంటకు గుర్రపు డెక్క తొలగింపు కోసం నిర్వహణ పద్దులో ఏటా ఎంత రాశారు? బిల్లు టన్నుకా, తెరిచిన నీటికా? తీసిన మొక్కను ఎక్కడ ఆరబెడుతున్నారు? పనిచేసేవాళ్ళకు లైఫ్ జాకెట్లు ఇచ్చారా? కుంటలో కలిసే మురుగు పైపులు ఎన్ని, వాటిని ఎప్పటికి మళ్ళిస్తారు? ఈ అన్నింటికీ జవాబుదారీగా ఉండే ఒక్క అధికారి ఎవరు? నోటితో చెప్పకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది, దరఖాస్తు రాయండి. జవాబు వస్తే దాన్ని కాలనీ సంఘం నోటీసు బోర్డు మీద అంటించండి. మీరు మాత్రం ఇంటి తొట్టెలో పెంచిన డెక్కను, అంతరతామరను తీసుకెళ్ళి కుంటలో వేయకండి. ఎండబెట్టి పారేయండి.

శివారు రైతు అడుగుతూ వచ్చాడు కాబట్టే కాలువ పనికి ఏటా పద్దు ఉంది. నగరంలో చెరువుకు ఆ పద్దు రావాలంటే దాని పక్కన బతికే మనం అడగాలి. ఒక్క ఏడు అడిగి ఊరుకోకూడదు, మొక్క ఏటా వస్తుంది కాబట్టి మనమూ ఏటా అడగాలి. వచ్చే బడ్జెట్‌తోనే మొదలుపెడదాం.